సీసాలో కలిపిన నీళ్ళు

పదేళ్ళపాటు డిపోలో నా పేరు మీద జరిగిన మూత్రపరీక్షలన్నీ మా బావవే. ఇంత మాట ఇంత తేలిగ్గా రాసేస్తున్నాడేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. సిగ్గుపడాల్సిన రోజుల్లో పడలేదు, ఇప్పుడు పడి ఎవరిని ఉద్ధరించాలి? బావ పోయి నాలుగు నెలలైంది. ఆయన గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టమని మేనకోడలు అడిగింది, తన కూతురు పెద్దయ్యాక చదువుకోవడానికి. "మంచి మాటలే రాయి మామయ్యా" అని కూడా అంది. మంచి మాటలు రాయాలన్నా ఇది రాయక తప్పదు. దీన్ని వదిలేస్తే బావ ఎలాంటివాడో సగమే తెలుస్తుంది, నేను ఎలాంటివాణ్ణో అసలే తెలియదు.

బావ అంటే మా అక్కయ్య భర్త. బస్సు డిపోలో టైర్ల సెక్షన్లో దాదాపు పాతికేళ్ళు పనిచేశాడు. ఎవరు పలకరించినా "నిక్షేపంలా ఉన్నా" అనేవాడు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా అదే మాట. దాంతో డిపో మొత్తానికి ఆయన పేరు నిక్షేపం అయిపోయింది. హాజరుపట్టీలో తప్ప అసలు పేరు ఎక్కడా వినపడేది కాదు. కొత్తగా చేరిన మేనేజరు ఒకాయన నెల రోజులపాటు అదే అసలు పేరనుకుని "నిక్షేపం గారూ" అని పిలిచాడు. బావ పలికాడు కూడా.

ఆయన పని చూడడానికి ఏమంత గొప్పగా ఉండేది కాదు. పొద్దున బస్సులు బయటికి వెళ్ళేలోపు చేతిలో ఇనప రాడ్డుతో వరసలన్నీ తిరిగేవాడు. ఒక్కో టైరు మీద ఒక్క దెబ్బ వేసి, తల కొంచెం వంచి వినేవాడు. వెనక చక్రాలు జంటగా ఉంటాయి కదా, బయటి టైరు బాగున్నా లోపలిది మెత్తబడి ఉంటే కంటికి కనపడదు. బావకి చెవిలో తెలిసిపోయేది. "లోపలిది చచ్చింది, దింపండి" అనేవాడు. దింపి చూస్తే నిజంగానే మేకు దిగి ఉండేది. తర్వాత రోజంతా షెడ్డులోనే. అరిగిన టైర్లని గీరడం, సొల్యూషన్ పూయడం, కొత్త రబ్బరు పట్టీ అతికించడం. అక్కడి నల్లపొడి గోళ్ళలోకి, మెడ ముడతల్లోకి, తినే ముద్దలోకి కూడా పోయేది. సొల్యూషన్ వాసనకి మాకు తల తిరిగేది, ఆయనకి ఆకలేసేదట. అలా అని నవ్వేవాడు. పక్కన మంటంటుకునే డబ్బాలుండగా షెడ్డులో సిగరెట్టు కాల్చకూడదు కాబట్టి పదడుగులు బయటికి వచ్చి కాల్చేవాడు. రోజుకి పాకెట్టు పైనే. అదొక్కటే ఆయన విలాసం.

అసలు ఆయన డ్రైవరు కావాల్సిన మనిషి. నాకు బండి నేర్పిందే ఆయన. నాకు ఇరవై మూడు, ఆయనకి ఇరవై తొమ్మిది, ఇద్దరం ఒకే రోజు డ్రైవర్ల ఎంపికకి వెళ్ళాం. బండి నడిపే పరీక్షలో ఆయనకి నాకంటే ఎక్కువ మార్కులు. తర్వాత కళ్ళ పరీక్ష. డాక్టరు ఒక పుస్తకం తెరిచి పెట్టాడు. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, వాటి మధ్య చుక్కలతోనే రాసిన అంకెలు. నేను గడగడా చదివేశాను. బావ పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు, దూరం జరిపాడు, తల పక్కకి తిప్పి చూశాడు.

"ఇందులో అంకెలున్నాయంటారా సార్?" అన్నాడు, డాక్టరు ఆట పట్టిస్తున్నాడేమో అన్నట్టు.

నేను కిసుక్కున నవ్వాను. ఆ నవ్వు ఇంకా వినపడుతుంది నాకు. ఎరుపూ పచ్చా తేడా తెలియని చూపు ఆయనది. అప్పటిదాకా ఆయనకే తెలియదు. సిగ్నలు దగ్గర పై దీపమా కింది దీపమా అని చూసి నెట్టుకొచ్చాడు. మగపుట్టుక పుట్టినవాళ్ళలో పది పన్నెండు మందికొకరికి ఇలా ఉంటుందని, పెద్ద విశేషమేమీ కాదని డాక్టరు చెప్పాడు. విశేషం కాకపోయినా ఉద్యోగం మాత్రం లేదన్నాడు. బావమరిదికి స్టీరింగు, బావకి టైర్లు. ఇంకొకడైతే జీవితాంతం ఏడ్చేవాడు. బావ ఆ సాయంత్రమే అక్కయ్యకి చెప్పి నవ్వించాడు.

ఇంట్లో అదొక ఆటవిడుపు అయిపోయింది. టమాటాలు తెమ్మంటే పచ్చివీ పండినవీ కలిపి తెచ్చేవాడు. కూతురికి ముదురు గోధుమరంగు స్వెట్టరని తెచ్చినది తీరా చూస్తే ఎర్రటి ఎరుపు. ఏది కొనాలన్నా నా దగ్గరికి వచ్చి "ఇదేం రంగురా?" అని అడిగేవాడు. ఒకసారి గులాబీరంగు చొక్కాని బూడిదరంగని చెప్పాను. దాన్ని వేసుకుని డిపోకి వచ్చాడు, రోజంతా అందరూ పళ్ళికిలిస్తుంటే కారణం తెలియక తనూ నవ్వాడు. సాయంత్రం అక్కయ్య నన్ను నాలుగు తిట్టింది. బావ ఒక్క మాట అనలేదు. మర్నాడు మళ్ళీ నన్నే అడిగాడు, ఇంకో చొక్కా రంగు.

నాకు ముప్ఫై ఏడో ఏట షుగరు వచ్చింది. తిండి మీద తిండి, గంటల తరబడి సీటుకి అతుక్కుపోవడం, నిద్ర లేకపోవడం, రాక ఏం చేస్తుంది? విపరీతంగా దాహం వేస్తుంటే పక్క పేటలో నన్నెవరూ ఎరగని లాబులో రక్తపరీక్ష చేయించుకున్నాను. అంతకు కొన్నేళ్ళ ముందు ఒక డ్రైవరుకి షుగరని తేలితే బండి దింపి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మూడేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే బస్సులు చూస్తూ కుంగిపోయాడు. మా అందరికీ ఆ కుర్చీ అంటే జబ్బు కంటే ఎక్కువ భయం.

ఏటా డ్రైవర్లకి పరీక్షలుండేవి. బరువు, బీపీ, కళ్ళు, ఒక సీసాలో మూత్రం. రక్తం తీసేవాళ్ళు కాదు. బీపీ ఉన్నవాళ్ళు పిలుపు వచ్చేదాకా ఖాళీ బస్సు వెనక సీట్లో అరగంట పడుకుని లేచి వెళ్ళేవాళ్ళు, అలా చేస్తే తగ్గుతుందని. మూత్రానికి ఆ ఉపాయం పనికిరాదు. నేను బావ దగ్గరికి వెళ్ళాను.

"ఏం లేదు బావా, నీ సీసా ఒకటి కావాలి."

"ఏం సీసా?"

చెప్పాను. "మందులు వేసుకుంటున్నావా?" అన్నాడు. వేసుకుంటున్నానన్నాను. గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాణ్ణి లెండి. "అక్కయ్యకి తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. "సరే, రేపు పొద్దున ఇంటికి రా" అన్నాడు.

అలా మొదలైంది. మూడో ఏటికి షుగరున్న డ్రైవర్లే ఇంకో ఇద్దరు చేరారు. ఒకణ్ణి గురక అని పిలిచేవాళ్ళం, డ్యూటీ దిగి విశ్రాంతి గదిలో వాడు పడుకుంటే మిగతావాళ్ళందరూ బయటికి రావాల్సిందే. రెండోవాడు మా అందరికంటే వయసులో పెద్దాయన. ముగ్గురికీ సరిపడా బావ ఒక పెద్ద సీసాలో పట్టి, కాగితం చుట్టి ఇచ్చేవాడు. నేను టైర్ల గుట్ట వెనక నిలబడి మూడు చిన్న సీసాల్లోకి పోసేవాణ్ణి. టైర్ల సెక్షనువాళ్ళకి ఆ పరీక్షలేమీ లేవు. డిపోలో ఏటా మూడుసార్లు పరీక్ష జరిగిన మనిషి ఆయన ఒక్కడే, ఆయన పేరున మాత్రం ఒక్క కాగితం లేదు. పరీక్షల అమ్మాయి సీసాలో పట్టీ ముంచి, చక్కెర గడి రంగు మారిందా లేదా అని చూసి, లేదని రాసేది. బావ కూడా సంబరపడేవాడు. "చూశావట్రా, నా సరుకు ముగ్గురికి ఆధారం" అనేవాడు. ఆయన ఒంటి మీద ఆయనకి నమ్మకం అలా ఏటేటా పెరిగింది. నేనే పెంచాను.

పదో ఏడు వేసవిలో ఒక పొద్దున టైర్ల గుట్ట వెనక కాగితం విప్పాను. సీసాలో ఉన్నది ఎప్పటి రంగు కాదు. తుప్పు పట్టిన ఇనుము నానిన నీళ్ళలా ఉంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అడుగున ఎరుపు జీర కనపడింది.

చూశాను. నా కళ్ళకి ఏ లోపమూ లేదు, ఉద్యోగం ఇచ్చింది ఆ కళ్ళు చూసే. మొదట ఎండదెబ్బ అనుకున్నాను. నీళ్ళు సరిగ్గా తాగి ఉండడనుకున్నాను. ఆ తర్వాత అనుకున్నది రాయడానికే ఇంత దూరం వచ్చాను. ఈ రంగు చూస్తే ఆ అమ్మాయి పరీక్షలకి వచ్చే డాక్టరమ్మని పిలుస్తుంది, డాక్టరమ్మ సవాలక్ష అడుగుతుంది, అంతా బయటపడుతుంది అనుకున్నాను. పంపు దగ్గరికి వెళ్ళి సగానికి సగం నీళ్ళు కలిపాను. గురక పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఇంకొంచెం పొయ్యి" అన్నాడు. ఇంకొంచెం పోశాను. ముగ్గురికీ చక్కెర లేదని వచ్చింది.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళాను, చెబుదామనే. ప్రమాణం చేసి చెబుతున్నాను, చెబుదామనే వెళ్ళాను. బావ టైరు మీద కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు.

"బావా, ఒంటేలుకి పోతే మంటగానీ నొప్పిగానీ ఏమన్నా ఉందా?"

"లేదే. ఏం?"

"ఏం లేదు. ఎండలు కదా. నీళ్ళు బాగా తాగు."

"నీ సీసాల కోసమే తాగుతున్నా కదరా" అని నవ్వాడు.

నొప్పి లేదన్నాడు, అది పట్టుకున్నాను నేను. నొప్పి లేకపోతే జబ్బు లేనట్టేనని మా మగాళ్ళందరి తెలివి. బస్సు ఇంజను కొంచెం గరగరమంటే ఆ పూటే మెకానిక్కుని పిలుస్తాం. ఒంట్లో గరగర వినపడితే రేడియో గట్టిగా పెడతాం. ఆయన కళ్ళకి కనపడనిది నాకు కనపడిందని నాకు తెలుసు. ఆయన రోజూ దాన్ని చూస్తూ చూడలేకపోతున్నాడనీ తెలుసు. అక్కయ్యకి ఒక్క మాట చెబితే మర్నాడే ఆసుపత్రికి ఈడ్చుకుపోయేది. కానీ ఎలా తెలిసిందిరా అంటే సీసా సంగతి చెప్పాలి, సీసా సంగతి చెబితే షుగరు సంగతి చెప్పాలి. నా కుర్చీ భయం నాది. రేపు చెబుదాం, వచ్చేవారం చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపేశాను. మధ్యలో బావ బరువు తగ్గాడు. "నడుం సన్నబడింది, కుర్రాణ్ణవుతున్నా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మళ్ళీ పరీక్షల రోజు వచ్చింది. కాగితం విప్పాను. ఈసారి జీర కాదు, సీసా అంతా ఎరుపే. ఇంట్లో బావ దాన్ని నింపి, మూత బిగించి, తుడిచి, నా చేతికిస్తూ "నిక్షేపమైన సరుకు" అన్నాడు, అరగంట కూడా కాలేదు.

గురక తొంగిచూశాడు. వాడి మొహంలో కూడా రంగు పోయింది. అయినా వాడన్న మాట ఇది: "నీళ్ళు ఎక్కువ పడతాయి. లేకపోతే వేరేవాళ్ళది చూద్దాం, టైముంది."

పెద్దాయన మాత్రం నేల చూస్తూ "పాపం రా" అన్నాడు.

నేను సీసాకి మూత పెట్టేసి గదిలోకి నడిచాను. ధైర్యం వచ్చి కాదు. ఇంకొక్క నిమిషం ఆ పంపు దగ్గర నిలబడితే మళ్ళీ కలిపేస్తానని నా మీద నాకే భయమేసింది. డాక్టరమ్మ బల్ల మీద సీసా పెట్టాను.

ఆవిడ చూసి లేచి నిలబడింది. "ఇది మీదా? ఎన్నాళ్ళ నుంచి?"

"నాది కాదండీ. మా బావది. టైర్ల సెక్షను. పదేళ్ళ నుంచి ఆయనదే ఇస్తున్నానండీ. నాకు షుగరుంది."

పరీక్షల అమ్మాయి చేతిలో పట్టీల డబ్బా మూత జారి కిందపడింది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "ముందు ఆయన్ని పిలవండి" అంది.

బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బల్ల మీద తన సీసా చూసి, నన్ను చూసి, నేను పట్టుబడ్డాననుకున్నాడు. "అమ్మా, వీడి తప్పేం లేదు, నేనే ఇస్తానని..." అంటూ నా తరఫున మొదలెట్టాడు. ఆవిడ ఆయన్ని ఆపి సీసా ఎత్తి చూపించింది.

"ఇదేం రంగో చెప్పండి."

బావ వంగి చూశాడు. చుక్కల పుస్తకాన్ని చూసినట్టే కాసేపు చూశాడు.

"మామూలేనమ్మా. కాస్త ముదురుగా ఉందేమో, టీ ఎక్కువ తాగుతాను" అన్నాడు.

"ఇది రక్తమండీ" అంది డాక్టరమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "ఔనా?" అన్నాడు. తల ఊపాను. ఆవిడ చెబితే కాదు, నేను తల ఊపాక కుర్చీలో కూలబడ్డాడు.

ఆ పూటే ఆసుపత్రికి చీటీ రాసింది. అక్కయ్యకి కబురుపెట్టి రప్పించి, బావని ఆమెతో రిక్షాలో పంపించి, నేను సంతకాలకి వెనక్కి వెళితే ఆవిడ నన్ను కూర్చోమంది. షుగరుకి ఏం వేసుకుంటున్నానో అడిగింది. తర్వాత ఒక కాగితం ముందుకు తోసింది. మాత్రలతో అదుపులో ఉంటే, ఆరునెలలకోసారి చూపించుకుంటూ, డ్రైవరు బండి నడుపుకోవచ్చు. నాలుగేళ్ళ క్రితం మారిన నిబంధన అది. "విశ్రాంతి గదిలో నోటీసు బోర్డు మీద ఉందిగా, చూడలేదా?" అంది. ఆ బోర్డు మేకుకే నేను రోజూ నా సంచీ తగిలించేవాణ్ణి. కాగితం నా సంచీ కిందే ఉందన్నమాట నాలుగేళ్ళూ. అక్కడే బావురుమన్నాను. ఆవిడ ఆ అమ్మాయిని బయటికి పంపి తలుపు దగ్గరికి వేసింది.

మూత్రాశయంలో క్యాన్సరు గడ్డ అన్నారు. కండలోకి దిగిపోయిందన్నారు. ఎందుకొచ్చిందంటే ఇదీ అని ఒక్కటి చెప్పలేమన్నారు. సిగరెట్లు పెద్ద కారణమని, రబ్బరు పనిలో ఏళ్ళ తరబడి పీల్చినవి కూడా కలిసి ఉండొచ్చని అన్నారు. ఎర్రగా ఎప్పటి నుంచి పోతోందని పెద్ద డాక్టరు అడిగితే బావ ఏం చెప్పగలడు? అక్కయ్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నేను చెప్పాను. పోయినేడాదే చూశానని, నీళ్ళు కలిపానని. పెద్ద డాక్టరు కలం పక్కన పెట్టాడు. "అప్పుడే వచ్చి ఉంటే గొట్టం పెట్టి గీరేస్తే సరిపోయేదేమో. కచ్చితంగా చెప్పలేను. ఇప్పుడు మూత్రాశయం మొత్తం తీసేయాలి" అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక గదిలో మేం ముగ్గురమే మిగిలాం. బావ పడుకుని పైకప్పు చూస్తున్నాడు. నా వైపు తల తిప్పాడు.

"చెప్పినా వెళ్ళేవాణ్ణి కాదులేరా. నా సంగతి నీకు తెలియదా?"

నా కోసం అన్న మాట అది. నాకు తెలుసు. అక్కయ్యకీ తెలుసు.

"వెళ్ళేవారు. నేను తీసుకెళ్ళేదాన్ని" అంది అక్కయ్య. ఆయనతోనే అంది, నా వైపు చూడలేదు. ఆ తర్వాత రెండేళ్ళు నాతో నేరుగా మాట్లాడలేదు.

ఆపరేషను అయింది. పొట్ట మీద చిన్న రంధ్రం, దానికి అతికించిన సంచీ, అందులోకి మూత్రం. డిపోలో నన్ను బండి దింపారు, షుగరుకి కాదు, మోసానికి. టిక్కెట్ల గదిలో వేశారు. గురక, పెద్దాయన తమంతట తామే వెళ్ళి డాక్టరమ్మకి చెప్పుకున్నారు, హెచ్చరికతో వదిలేశారు. నా మీద వాళ్ళకి కోపం లేదు. నాకు వాళ్ళ మీద ఉంది, నా మీద ఉన్నంత కాకపోయినా. నేను రోజూ పొద్దున బావ ఇంటికి వెళ్ళేవాణ్ణి. అక్కయ్య తలుపు తీసేది, పక్కకి జరిగేది, వంటింట్లోకి పోయేది. బావకి గడ్డం గీసేవాణ్ణి, పేపరు చదివి వినిపించేవాణ్ణి.

రోజూ సంచీలో రంగు చూడాలని, తేడా ఉంటే ఆలస్యం చేయకుండా రావాలని ఆసుపత్రిలో చెప్పారు. ఆ పని అక్కయ్యది. నన్ను దాని దరిదాపులకి రానిచ్చేది కాదు. ఒకసారి నేను చూస్తాలే అని లేవబోతే, "ఆయన్ని చూసుకోవడానికి నాకు కళ్ళున్నాయి" అంది, గోడతో చెప్పినట్టు.

రెండేళ్ళు బాగానే గడిచాయి. మేనకోడలికి నెలలు నిండాయి. వేరే ఊళ్ళో ఉంటుంది, మర్నాడు అందరూ బయల్దేరాలి. పెట్టెలు సర్ది హాల్లో పెట్టారు. అక్కయ్య ప్రయాణానికి కావాల్సినవేవో కొనడానికి బజారుకి వెళ్ళింది. బావ ఆ వారంలో మళ్ళీ పాత బావ అయిపోయాడు. పుట్టేది ఆడపిల్లేనని నాతో పందెం కూడా కాశాడు. స్నానాల గదిలోకి వెళ్ళి సంచీ ఖాళీ చేసుకోబోతూ పిలిచాడు.

"ఏరా, ఒకసారి ఇలా రా."

వెళ్ళాను. స్టూలు మీద కూర్చుని చొక్కా పైకి పట్టుకున్నాడు.

"పొద్దున మీ అక్కయ్య హడావుడిలో చూడలేదు. నువ్వు చూడు. మామూలుగానే ఉందిగా?"

"అక్కయ్యని రానీ బావా, తనే చూస్తుంది."

"నువ్వు చూడరా. నేను అడిగేది నిన్ను."

వంగి చూశాను. ఎర్ర గుడ్డ ఒక్కసారి ముంచి తీసిన నీళ్ళలా ఉంది. లేతగా. కిటికీలోంచి పడే వెలుగు వల్లనేమో అని పక్కకి జరిగి చూశాను. ఏ వైపు నుంచి చూసినా అదే.

ఆయన నా మొహం వైపే చూస్తున్నాడు. హాల్లో పెట్టెలున్నాయి. పది రోజులు, మహా అయితే పదిహేను రోజులు, బిడ్డని చూసి వచ్చాక చెప్పొచ్చు అనిపించింది. బాగానే ఉందంటే ఆ మనిషి నమ్ముతాడు. అంత జరిగినా నమ్ముతాడు.

"ఎర్రగా ఉంది బావా" అన్నాను. "లేతగానే ఉంది. కానీ ఎరుపే."

ఆయన చొక్కా వదిలేశాడు. "రేపు వెళ్ళలేమంటావా?" అన్నాడు.

"ఇవాళే ఆసుపత్రికి పోవాలి."

"సరే అయితే. చొక్కా మార్చు" అన్నాడు. మార్చాను. గుండీలు నేను పెడుతుంటే, పై రెండూ ఆయనే పెట్టుకున్నాడు.

గడ్డ మళ్ళీ మొదలైందని తర్వాత తేలింది. ఆ తర్వాత బావ పదకొండు నెలలున్నాడు. మందుల మధ్య సందు చూసుకుని వెళ్ళి మనవరాలిని ఎత్తుకున్నాడు, పందెం గెలిచానని నన్ను సతాయించాడు. త్వరగా రావడం వల్ల దక్కిన నెలలని డాక్టర్లు అన్నారు. నేను ఆ మాట పట్టుకుని ఊరట పొందడానికి ప్రయత్నించాను, కుదరలేదు. అవన్నీ తర్వాత సంగతులు. ఆ పూట ఇంకొకటి జరిగింది, అది రాసి ఆపేస్తాను.

అక్కయ్య వచ్చేసరికి మేమిద్దరం చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాం. మా మొహాలు చూసి చేతిలో సంచులు అక్కడే దించింది. నేనే చెప్పాను. ఎర్రగా కనపడిందని, నేను చూశానని.

అప్పుడు అక్కయ్య నా కళ్ళలోకి చూసింది, రెండేళ్ళ తర్వాత.

"ఎప్పటి నుంచి?" అంది.

"ఇప్పుడే అక్కయ్యా. ఇప్పుడే చూశాను. పావుగంట కూడా కాలేదు."

నిజమే చెప్పాను. కానీ నిజమని నిరూపించడానికి నా దగ్గర ఏముంది? ఆమె నా మొహంలో వెతుకుతూనే ఉంది. తర్వాత బావ వైపు తిరిగింది.

"నిజమేనా అండీ?"

"నాకేం తెలుస్తుంది?" అన్నాడు బావ. "వాడు చెప్పాడుగా" అని నా భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగడం మొదలుపెట్టాడు.